ఉప్పునీటి అక్వేరియం

ఉప్పునీటి అక్వేరియం లేదా సముద్ర అక్వేరియం అనగా సముద్రంలో నివసించే చేపలను, ఇతర జలచరాలను పెంచడానికి ఏర్పాటు చేసే గాజు తొట్టి. మంచినీటి అక్వేరియంతో పోలిస్తే దీని నిర్వహణ కొంత కష్టమైనది. సముద్ర జీవులు వేల సంవత్సరాలుగా దాదాపు మార్పులేని నీటిలో జీవించడానికి అలవాటుపడినవి. ఆ నిలకడను వంద లీటర్ల నీటిలో కల్పించడమే ఈ అభిరుచిలో ప్రధానమైన పని. కొత్తగా ప్రారంభించినవారి తొట్లలో చేపలు చనిపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం వ్యాధి కాదు, నీరు సిద్ధం కాకముందే చేపలను వదలడం.

విశాఖపట్నం వంటి తీర నగరాలలో సముద్రం దగ్గరే ఉండడం వలన ఈ పని సులభమని చాలామంది భావిస్తారు. ఇది కొంతవరకే నిజం. ఈ వ్యాసంలో సుమారు 100 లీటర్ల చిన్న తొట్టిని ప్రారంభించే పద్ధతి, విశాఖపట్నం పరిస్థితులలో తీసుకోవలసిన జాగ్రత్తలు, సంబంధిత చట్టాలు వివరించబడినవి.

మంచినీటి అక్వేరియానికి, దీనికి గల తేడాలు

సముద్రపు నీటి లవణీయత సగటున వెయ్యికి 35 పాళ్ళు ఉంటుంది. అంటే ఒక కిలో నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. సముద్రపు చేప శరీర ద్రవాలలో ఉప్పు ఇంతకంటే చాలా తక్కువ. అందువలన ద్రవాభిసరణ సూత్రం ప్రకారం చేప శరీరంలోని నీరు మొప్పల ద్వారా నిరంతరం బయటకు పోతూ ఉంటుంది. ఈ నష్టాన్ని పూడ్చుకోవడానికి సముద్రపు చేప నీటిని త్రాగుతుంది, ఎక్కువైన ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణాల ద్వారా విసర్జిస్తుంది. మంచినీటి చేపలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. నీరు శరీరంలోకి చేరుతూ ఉంటుంది, చేప పలుచని మూత్రం రూపంలో దానిని బయటకు పంపుతుంది. నీటి లవణీయత హఠాత్తుగా మారితే ఈ ఏర్పాటు దెబ్బతిని చేప నీరసిస్తుంది, ఒక్కొక్కసారి చనిపోతుంది.

ఇతర ముఖ్యమైన తేడాలు:
* ప్రాణవాయువు: 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. అదే ఉష్ణోగ్రతలో సముద్రపు నీటిలో 7 మిల్లీగ్రాముల లోపే కరుగుతుంది. నీరు వేడెక్కేకొద్దీ ఇది ఇంకా తగ్గుతుంది.
* అమ్మోనియా: నీటిలోని అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. వీటిలో అయానీకరణం చెందని రూపం చేపలకు విషం. పి.హెచ్. 7 ఉన్న నీటిలో ఈ రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. సముద్రపు నీటి పి.హెచ్. 8.2 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి ఇక్కడ ఇది దాదాపు పది రెట్లు పెరుగుతుంది. అందుచేత మంచినీటి చేప తట్టుకొనే కొద్దిపాటి అశుభ్రత కూడా సముద్రపు చేపకు ప్రాణాంతకం కావచ్చును.
* లోహాలు: రాగి, ఇత్తడి వస్తువుల నుండి ఉప్పునీటిలోకి కరిగే రాగి నత్తలను, రొయ్యలను, పీతలను చంపుతుంది. ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తొట్టిలో గాజు, ప్లాస్టిక్ వస్తువులను మాత్రమే వాడాలి.

చరిత్ర

ఐరోపాలో సముద్ర జీవులను ఇంటిలో పెంచడం 19వ శతాబ్దం మధ్యకాలంలో మొదలైంది. 1846లో ఆనా థిన్ అనే మహిళ లండన్‌లో పగడపు జీవులను నీటిని మారుస్తూ, గాలి తగిలేలా చిలుకుతూ చాలాకాలం బ్రతికించింది. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో తొలి బహిరంగ అక్వేరియం ప్రారంభమైంది. 1854లో ఫిలిప్ హెన్రీ గోస్ వ్రాసిన 'ది అక్వేరియం' అనే పుస్తకం వలన ఈ పదం ప్రజల వాడుకలోకి వచ్చింది.

భారతదేశంలో 1909లో మద్రాసు మెరీనా తీరంలో అక్వేరియం ప్రారంభమైంది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్స్టన్ ఆలోచనల మేరకు దీనిని నిర్మించారు. అప్పట్లో విశాఖపట్నం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఈ అక్వేరియం రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మూతపడింది. 1951లో బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియం ప్రారంభమైంది. విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని పేరుతో చేపల ప్రదర్శనశాలను నెలకొల్పారు.

1960వ దశకం ప్రారంభంలో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రం నుండి తెచ్చిన రాళ్ళలోని సూక్ష్మజీవులే నీటిని శుద్ధి చేయగలవని చూపాడు. తరువాత జర్మనీలోని అభిరుచిపరులు ఈ విధానానికి నురుగు వడపోతను చేర్చి అభివృద్ధి చేశారు. నేటి ఇంటి అక్వేరియంలలో అధికభాగం ఈ రెండు పద్ధతుల మీదనే ఆధారపడి ఉన్నవి.

విశాఖపట్నం పరిస్థితులు

విశాఖపట్నం బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఓడరేవు నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. నగరంలోని మద్దిలపాలెం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేరువలో, జాతీయ రహదారిపై ఉన్న రద్దీ ప్రాంతం. ఇక్కడి నుండి సముద్రం కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. అయితే తొట్టికి కావలసిన నీటి విషయంలో దూరం కంటే నీటి నాణ్యత ముఖ్యం.

బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వంటి పెద్ద నదులు కలుస్తాయి. నైఋతి ఋతుపవనాల తరువాత ఈ నదుల మంచినీరు ఉత్తరం నుండి దక్షిణంగా ప్రవహించే తీర ప్రవాహంతో కలిసి ఆంధ్ర తీరానికి చేరుతుంది. అందువలన అక్టోబరు, నవంబరు నెలలలో విశాఖ తీరంలో పైపొర నీటి లవణీయత 30 కంటే బాగా తగ్గిపోవచ్చును. వేసవిలో ఇది తిరిగి 33, 34 వరకు పెరుగుతుంది. 1950వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ సి. లఫాండ్ ఈ తీరంలో వేసవికి ముందు అడుగు నీరు పైకి ఉబికి రావడాన్ని వివరించాడు. కాబట్టి ఒకే చోట తెచ్చిన నీరు ఏడాది పొడవునా ఒకే విధంగా ఉండదు.

రెండవ సమస్య కాలుష్యం. లోపలి ఓడరేవులోకి పరిశ్రమల, నగరపు మురుగునీరు చేరుతుంది. ఓడరేవు, చేపల రేవు, గెడ్డలు సముద్రంలో కలిసే చోట్ల నీటిని అక్వేరియానికి ఎన్నడూ వాడరాదు.

మూడవది వాతావరణం. వేసవిలో విశాఖలో గదిలోని ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఎక్కువ. ఫ్యాను గాలితో నీటిని చల్లబరచే పద్ధతి పొడి ప్రాంతాలలో పనిచేసినంత బాగా ఇక్కడ పనిచేయదు. అందుచేత తొట్టిని ఎండ తగలని, గాలి ఆడే గదిలో ఉంచాలి. అవసరమైతే నీటిని చల్లబరచే చిల్లరు వాడాలి.

కావలసిన పరికరాలు

చిన్న తొట్టి నిర్వహణ సులభమనే అభిప్రాయం సరికాదు. నీరు తక్కువైన కొద్దీ ఉష్ణోగ్రత, లవణీయత త్వరగా మారుతాయి. కొత్తవారికి కనీసం 100 లీటర్ల తొట్టి అనుకూలం. 3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు గల తొట్టిలో అంచు వరకు సుమారు 106 లీటర్లు పడుతుంది. నీరు, ఇసుక, రాళ్ళు, గాజు కలిపి ఇది సుమారు 150 కిలోలు బరువు ఉంటుంది. కాబట్టి బల్ల గట్టిగా, సమతలంగా ఉండాలి. ఇనుప స్టాండు వాడితే తుప్పు పట్టకుండా రంగు వేయించాలి.

* నీటి పంపు: నీటిలో నిరంతరం కదలిక ఉండాలి. గంటకు తొట్టి పరిమాణానికి పది రెట్లు, అనగా వెయ్యి లీటర్ల నీటిని కదిలించే పంపు సరిపోతుంది.
* నురుగు వడపోత పరికరం: దీనిని ప్రోటీన్ స్కిమ్మర్ అంటారు. సన్నని గాలి బుడగలకు సేంద్రియ పదార్థాలు అంటుకొని నురుగుగా పైకి వస్తాయి. సముద్రపు ఒడ్డున అలలు నురుగును తెచ్చి వేసే ప్రక్రియ వంటిదే ఇది. వ్యర్థాలు కుళ్ళి అమ్మోనియాగా మారకముందే ఇది వాటిని తొలగిస్తుంది.
* లవణీయత కొలిచే సాధనం: హైడ్రోమీటరు లేదా రిఫ్రాక్టోమీటరు. రెండవది ఎక్కువ నమ్మకమైనది.
* పరీక్షా కిట్లు: అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పి.హెచ్. కొలవడానికి.
* ఉష్ణమాపకం, హీటరు: విశాఖలో హీటరు అవసరం తక్కువ. డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత పడిపోకుండా మాత్రం ఉపయోగపడుతుంది.
* దీపం: చేపలు మాత్రమే ఉన్న తొట్టికి సాధారణ ఎల్.ఇ.డి. దీపం చాలును. రోజుకు 8 నుండి 10 గంటలు వెలిగించాలి.
* ఇసుక, రాళ్ళు: సున్నపు పదార్థం గల ఇసుక పి.హెచ్. పడిపోకుండా సహాయపడుతుంది. పగడపు రాళ్ళకు బదులుగా కడిగిన సున్నపురాయి, అక్వేరియం కొరకు తయారుచేసిన రంధ్రాలు గల పింగాణీ రాళ్ళు వాడవచ్చును.

విద్యుత్ తీగలు తొట్టి నుండి నేరుగా ప్లగ్గుకు పోకుండా, మధ్యలో క్రిందికి వ్రేలాడేలా అమర్చాలి. తీగ వెంట జారే నీటి బొట్లు ప్లగ్గులోకి చేరకుండా అక్కడే కారిపోతాయి. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి నీటిలో చేయి పెట్టేముందు పరికరాలను ఆపివేయాలి.

ఉప్పునీటి తయారీ

సముద్రపు నీటిలోని లవణాలలో క్లోరైడు 55 శాతం, సోడియం దాదాపు 31 శాతం ఉంటాయి. మిగిలిన భాగంలో సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ముఖ్యమైనవి. వంట ఉప్పు దాదాపు సోడియం క్లోరైడు మాత్రమే, అందులో అయోడిన్ కూడా కలుపుతారు. కనుక అది పనికిరాదు.

ఉప్పుమడులలో సముద్రపు నీటి నుండే తీసిన రాళ్ళ ఉప్పు ఎందుకు పనికిరాదనే సందేహం సహజం. శ్రీకాకుళం జిల్లా నౌపడా వంటి చోట్ల నీటిని మడులలో ఎండబెట్టేటప్పుడు లవణాలన్నీ ఒకేసారి గట్టిపడవు. మొదట కాల్షియం కార్బొనేటు, తరువాత జిప్సం అడుగున చేరతాయి. ఆ తరువాత సోడియం క్లోరైడు స్ఫటికాలుగా ఏర్పడుతుంది. మెగ్నీషియం, పొటాషియం లవణాలు చేదుగా ఉండే మిగులు నీటిలో ఉండిపోతాయి. కాబట్టి రాళ్ళ ఉప్పును నీటిలో కరిగిస్తే తిరిగి సముద్రపు నీరు తయారుకాదు.

ఇందువలన అక్వేరియం కొరకు తయారుచేసిన సముద్ర లవణ మిశ్రమాన్ని వాడాలి. లీటరుకు 35 నుండి 38 గ్రాములు సరిపోతుంది. కుళాయి నీటిలో క్లోరిన్, బోరు నీటిలో నైట్రేటు, ఇతర లవణాలు ఉండవచ్చును. ఆర్.ఓ. యంత్రంలో శుద్ధి చేసిన నీరు మంచిది. ప్లాస్టిక్ తొట్టిలో ముందు నీరు పోసి, తరువాత ఉప్పు కొద్దికొద్దిగా వేసి, పంపుతో ఒక రోజంతా కలపాలి. చేపలు ఉన్న తొట్టిలో ఉప్పును నేరుగా వేయరాదు.

సహజ సముద్రపు నీటిని వాడేవారు నగరపు మురుగు చేరని చోట, వర్షాలు లేని సమయంలో సేకరించాలి. దానిని మెత్తని గుడ్డతో వడగట్టి, మూత వేసి చీకటిలో కనీసం ఒక వారం ఉంచాలి. ఇందువలన నీటిలోని సూక్ష్మ మొక్కలు, జీవులు చనిపోయి అడుగున చేరతాయి. పైన తేరుకున్న నీటిని మాత్రమే తీసి, గాలి బుడగలు పంపి, లవణీయత కొలిచి వాడాలి. ఉదాహరణకు ఆ నీటి లవణీయత 28 ఉన్నట్లయితే 35కు తేవడానికి 100 లీటర్లకు సుమారు 700 గ్రాముల లవణ మిశ్రమం కలపవలసి ఉంటుంది.

నీటికి ఉండవలసిన లక్షణాలు:
* లవణీయత: 33 నుండి 35
* సాపేక్ష సాంద్రత: 1.023 నుండి 1.026
* ఉష్ణోగ్రత: 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్
* పి.హెచ్.: 8.1 నుండి 8.4
* అమ్మోనియా, నైట్రైట్: సున్న
* నైట్రేట్: లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు

నత్రజని వలయం

అక్వేరియం గురించి తెలుసుకోవలసిన అతి ముఖ్యమైన విషయం ఇదే. చేపల విసర్జనలు, మిగిలిన ఆహారం కుళ్ళి అమ్మోనియా ఏర్పడుతుంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇది కూడా విషమే. మరొక రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ తక్కువ పరిమాణంలో చేపలకు పెద్దగా హాని చేయదు. దానిని నీటి మార్పిడి ద్వారా తగ్గించవచ్చును.

కొత్త తొట్టిలో ఈ బాక్టీరియాలు తగినంత ఉండవు. ఇవి నీటిలో కంటే ఎక్కువగా రాళ్ళ మీద, ఇసుక రేణువుల మీద, వడపోత పదార్థం మీద పెరుగుతాయి. వీటి పెరుగుదల నెమ్మది. తొట్టి సిద్ధం కావడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. నీరు స్వచ్ఛంగా కనబడినంత మాత్రాన తొట్టి సిద్ధమైనట్లు కాదు. అమ్మోనియాకు, నైట్రైట్‌కు రంగు లేదు.

పూర్వం ఈ ప్రక్రియను మొదలుపెట్టడానికి గట్టి చేపలను వదిలేవారు. వాటిలో చాలా చేపలు చనిపోయేవి, బ్రతికినవాటి మొప్పలు దెబ్బతినేవి. ఇందుకు బదులుగా చిన్న రొయ్య ముక్కను తొట్టిలో వేసి కుళ్ళనివ్వడం మంచి పద్ధతి. మొదటి రెండు వారాలలో అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. దాని వెనుక నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. చివరకు నైట్రేట్ కనబడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా కొన్ని రోజులు సున్న చూపినప్పుడు వలయం పూర్తయినట్లు భావించాలి.

ఏర్పాటు చేసే క్రమం

# తొట్టిని మంచినీటితో నింపి ఒక రోజు ఉంచి కారడం లేదని నిర్ధారించుకోవాలి. సబ్బు వాడరాదు.
# తొట్టిని శాశ్వతంగా ఉంచే చోట అమర్చాలి. నింపిన తరువాత కదపరాదు.
# రాళ్ళను ముందుగా అడుగుకు ఆనించి, తరువాత చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద రాళ్ళు పేర్చితే చేపలు త్రవ్వినప్పుడు అవి దొర్లి గాజు పగలవచ్చును.
# సిద్ధం చేసిన ఉప్పునీరు పోసి పంపు, స్కిమ్మరు నడపాలి.
# ఒకటి రెండు రోజుల తరువాత లవణీయత, ఉష్ణోగ్రత స్థిరపడినవో లేదో చూసి రొయ్య ముక్క వేయాలి.
# రెండు మూడు రోజులకు ఒకసారి నీటిని పరీక్షించి ఫలితాలను తేదీలతో పుస్తకంలో వ్రాసుకోవాలి.
# వలయం పూర్తయిన తరువాత నాలుగింట ఒక వంతు నీటిని మార్చి, నత్తలను, సన్యాసి పీతలను వదలాలి. ఇవి గాజు మీద, రాళ్ళ మీద పెరిగే నాచును తింటాయి.
# మరో రెండు వారాల తరువాత మొదటి చేపను వదలాలి. తరువాతి చేపకు మరల రెండు మూడు వారాలు ఆగాలి. చేపలు పెరిగినంత వేగంగా బాక్టీరియా పెరగదు.

చేపల ఎంపిక

మంచినీటి తొట్టిలో పట్టినన్ని చేపలు ఉప్పునీటి తొట్టిలో పట్టవు. సుమారు 18 లీటర్లకు ఒక అంగుళం పొడవు చేప అనే లెక్క కొత్తవారికి క్షేమం. దీని ప్రకారం 100 లీటర్ల తొట్టిలో రెండు చిన్న క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప సరిపోతాయి.

క్లౌన్ చేప కొత్తవారికి అనువైనది. నారింజ రంగు మీద తెల్లని పట్టీలు గల ఈ చేప 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' చిత్రం వలన ప్రపంచమంతటా పేరు పొందింది. సహజంగా ఇది సీ అనిమోన్ల స్పర్శకాల మధ్య నివసిస్తుంది, కాని తొట్టిలో అవి లేకుండానే బ్రతకగలదు. క్లౌన్ చేపలన్నీ మొదట మగవిగా ఉంటాయి. గుంపులో అన్నింటికంటే పెద్దది ఆడచేపగా మారుతుంది. అది చనిపోతే దాని జతగా ఉన్న మగచేప ఆడచేపగా మారుతుంది.

కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ మండపం కేంద్రం, అన్నామలై విశ్వవిద్యాలయపు పరంగిపేట సముద్ర జీవశాస్త్ర కేంద్రం క్లౌన్ చేపలను హేచరీలలో పెంచే పద్ధతులను రూపొందించినవి. ఇటువంటి పిల్లలు తొట్టి జీవితానికి, తయారైన ఆహారానికి ముందే అలవాటుపడి ఉంటాయి. సముద్రం నుండి పట్టినవాటికంటే ఇవి అన్ని విధాలా మేలు. కొనేముందు చేప ఎక్కడిదో అడిగి తెలుసుకోవాలి, దుకాణంలో ఆహారం వేయించి తింటున్నదో లేదో చూడాలి.

విశాఖ తీరంలోని రాతి ప్రదేశాలలో ఆటుకు మిగిలే నీటి గుంటలలో చారల డాంసెల్ చేపలు, గోబీలు, బ్లెన్నీలు, నత్తలు, సన్యాసి పీతలు కనిపిస్తాయి. అలల తాకిడికి, ఎండకు, వానకు తట్టుకొనే ఈ జీవులు గట్టివి. అయితే చారల డాంసెల్ పెద్దదైన కొద్దీ ఇతర చేపలను తరుముతుంది. రంగురంగుల చేపలు లభించనివారు మోలీ చేపను కూడా పెంచవచ్చును. మంచినీటి దుకాణాలలో దొరికే ఈ చేపను లవణీయత నెమ్మదిగా పెంచుతూ సముద్రపు నీటికి అలవాటు చేయవచ్చును.

కొత్తవారు పెంచకూడనివి: పగడాలను మాత్రమే తినే సీతాకోకచిలుక చేపలు, సజీవ ఆహారం తప్ప ముట్టని మాండరిన్ చేప, 30 సెంటీమీటర్ల వరకు పెరిగే బ్లూ టాంగ్, విషపు ముళ్ళు గల లయన్ ఫిష్.

చేపలను తొట్టిలోకి వదలడం

దుకాణం నుండి తెచ్చిన సంచిని 15 నిమిషాలు తొట్టి నీటిపై తేలనివ్వాలి. తరువాత చేపను బక్కెట్టులోకి మార్చి, సన్నని గొట్టం ద్వారా తొట్టి నీరు చుక్కలు చుక్కలుగా పడేటట్లు చేయాలి. సుమారు గంటలో బక్కెట్టులో నీరు రెండు మూడు రెట్లు అవుతుంది. అప్పుడు చేపను మాత్రమే వలతో తీసి వదలాలి. సంచిలోని నీటిని తొట్టిలో పోయరాదు.

అవకాశం ఉన్నవారు కొత్త చేపను ముందుగా వేరొక చిన్న తొట్టిలో నాలుగు వారాలు పరిశీలనలో ఉంచాలి. సముద్రపు చేపలకు వచ్చే తెల్లమచ్చల వ్యాధి క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి వలన కలుగుతుంది. దీనికి రాగి మందు పనిచేస్తుంది, కాని ప్రధాన తొట్టిలో ఆ మందు వాడితే నత్తలు, పీతలు చనిపోతాయి. కాబట్టి వేరే తొట్టి ఖర్చు దండుగ కాదు.

ఆహారం

రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాలలో తినగలిగినంత మాత్రమే వేయాలి. తయారైన గుళికలు, గడ్డకట్టించిన ఆర్టీమియా వాడవచ్చును. ఆంధ్ర తీరంలోని రొయ్య పిల్లల హేచరీలలో కూడా ఆర్టీమియానే ఆహారంగా వాడుతారు. బజారులో దొరికే తాజా రొయ్యలను పొట్టు తీసి, కడిగి, సన్నగా తరిగి, ఫ్రీజరులో ఉంచి కొద్దికొద్దిగా వేయవచ్చును. తినకుండా మిగిలినది వెంటనే తీసివేయాలి. తక్కువ తిండి వలన కంటే ఎక్కువ తిండి వలన చనిపోయే చేపలే అధికం.

నిర్వహణ

* ప్రతిదినం: ఉష్ణోగ్రత, చేపల కదలిక, ఆకలి గమనించాలి. ఆవిరైన నీటికి బదులు మంచినీరు పోయాలి.
* వారానికి ఒకసారి: 10 శాతం నీటిని మార్చాలి. 100 లీటర్ల తొట్టికి 10 లీటర్లు, అందుకు సుమారు 350 గ్రాముల లవణ మిశ్రమం కావాలి. గాజుపై నాచును తుడవాలి, స్కిమ్మరు గిన్నెను కడగాలి.
* నెలకు ఒకసారి: పంపును విప్పి శుభ్రం చేయాలి. వడపోత పదార్థాన్ని కుళాయి నీటితో కాక, తొట్టి నుండి తీసిన నీటితోనే కడగాలి. క్లోరిన్ తగిలితే బాక్టీరియా చనిపోతుంది.

ఆవిరైన నీటి విషయంలో కొత్తవారు తరచుగా పొరబడుతారు. నీరు మాత్రమే ఆవిరి అవుతుంది, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. 35 లవణీయత గల 100 లీటర్ల తొట్టిలో 3,500 గ్రాముల ఉప్పు ఉంటుంది. 5 లీటర్లు ఆవిరైనప్పుడు దానికి బదులు ఉప్పునీరు పోస్తే మరో 175 గ్రాములు చేరుతుంది. ఇలా నాలుగుసార్లు చేస్తే లవణీయత 42కు పెరుగుతుంది. అందువలన ఆవిరికి మంచినీరు, మార్పిడికి ఉప్పునీరు అనే నియమాన్ని మరువరాదు.

విద్యుత్ అంతరాయాలు, తుఫానులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. నగరంలో అనేక ప్రాంతాలకు రోజుల తరబడి విద్యుత్ సరఫరా నిలిచిపోయింది. ఇటువంటి సమయంలో అక్వేరియానికి మొదటి ప్రమాదం చీకటి కాదు, ఆకలి కాదు, ప్రాణవాయువు లోపించడం. పంపు ఆగిన కొద్ది గంటలలోనే వెచ్చని ఉప్పునీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలు నీటి పైభాగానికి వచ్చి నోరు తెరచి ఊపిరి పీల్చుతుంటే ప్రమాదం దగ్గర పడినట్లే.

తీర ప్రాంతాలవారు బ్యాటరీతో నడిచే గాలి పంపును సిద్ధంగా ఉంచుకోవాలి. ఇన్వర్టరు ఉన్నవారు చిన్న పంపును దానికి కలపవచ్చును. ఏదీ లేనప్పుడు తొట్టి నీటిని చెంబుతో ముంచి ఎత్తు నుండి తిరిగి అందులోనే పోస్తూ ఉండాలి. విద్యుత్తు వచ్చేవరకు ఆహారం వేయరాదు. ఆరోగ్యంగా ఉన్న చేప కొద్ది రోజులు తిండి లేకుండా ఉండగలదు. తుఫాను హెచ్చరిక రాగానే మార్పిడికి కావలసిన ఉప్పునీటిని ముందే కలిపి ఉంచుకోవడం మంచిది.

చట్టం, పర్యావరణం

భారత ప్రభుత్వం 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో పలు సముద్ర జీవులను చేర్చింది. వీటిలో దిబ్బలు కట్టే పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు ఉన్నవి. 2022 సవరణలో షెడ్యూళ్ళను తిరిగి కూర్చినప్పటికీ పగడాలకు, సముద్రపు గుర్రాలకు రక్షణ కొనసాగుతున్నది. వీటిని పట్టడం, అమ్మడం జైలుశిక్షకు అర్హమైన నేరం. విదేశీ పుస్తకాలలో 'సజీవ శిల' పేరుతో సిఫారసు చేసే పగడపు రాళ్ళను మన దిబ్బల నుండి సేకరించడం కూడా ఇందుకు విరుద్ధమే. కాబట్టి ఆ పుస్తకాలలోని పద్ధతులను యథాతథంగా అనుసరించరాదు.

1960వ దశకంలో ఫిలిప్పీన్స్‌లో అలంకార చేపలను పట్టడానికి సైనైడ్ వాడడం మొదలైంది. మత్తెక్కిన చేపను సులభంగా పట్టవచ్చును, కాని ఆ విషం వలన చుట్టుప్రక్కల పగడాలు చనిపోతాయి. పట్టిన చేపలలో కూడా చాలా భాగం కొద్ది వారాలలోనే మరణిస్తాయి. హేచరీ చేపను కోరి కొనడం వలన ఇటువంటి వేట తగ్గుతుంది.

పెంచలేకపోయిన చేపను సముద్రంలో వదిలివేయడం దయగా తోచవచ్చును, కాని అది సరికాదు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలకు చెందిన లయన్ ఫిష్ 1980వ దశకంలో అమెరికా తూర్పు తీరంలో కనబడింది. అక్వేరియంల నుండి వదిలినవే ఇందుకు కారణమని భావిస్తున్నారు. అది ఇప్పుడు కరీబియన్ సముద్రమంతటా వ్యాపించి స్థానిక చేపలను తింటున్నది. పెంచలేని చేపను దుకాణానికి లేదా మరొక పెంపకందారుకు ఇవ్వాలి.

ఇవి కూడా చూడండి

* అక్వేరియం
* నత్రజని వలయం
* పగడపు దిబ్బ
* బంగాళాఖాతం
* విశాఖపట్నం
* మద్దిలపాలెం